తిన్నగా అంటించిన లేబుల్

పదకొండూ నలభై. గడియారం తన చిన్న పుస్తకంలో రాసుకుని పెన్నుకి మూత పెట్టాడు. నాలుగింటికి ల్యాబు మూస్తారు. ఈలోగా ఒక కాగితం మీద ఒక సంతకం పడకపోతే, రేపు తెల్లవారి ఐదూ యాభైకి లేచే విమానంలో ఒక సీటు ఖాళీగా వెళ్తుంది.

గడియారం అనేది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. పోలీసు శాఖలో ఉన్న ఇరవై ఆరేళ్లూ మనిషి పేరు కంటే ముందు టైము అడిగేవాడని తోటివాళ్లు తగిలించారు. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆయన్ని మానలేదు.

ల్యాబు గదిలో ఎదురుగా స్టూలు మీద శాంపిళ్లతను కూర్చుని ఉన్నాడు. ఇంటింటికీ తిరిగి ముక్కులోంచీ గొంతులోంచీ పరీక్షకి శాంపిలు తీసుకురావడం అతని పని. అంతకు ముందు బస్సు కండక్టరు. బస్సులు ఆగిపోయాక ఇందులో చేరాడు. నలభై దాటిన మనిషి, నిన్నటి నుంచీ నిద్ర లేదని కళ్లు చెబుతున్నాయి. అతని వెనక గోడకి ఆనుకుని ఆరోగ్య నిఘా విభాగం ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. పదేళ్ల కిందట గడియారం చేతి కింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకున్నదంతా ఇప్పుడు గురువు మీదే ప్రయోగిస్తూంటాడు.

"మీరు టైములు రాసుకోండి గురువుగారూ, నేను మనిషిని తీసుకెళ్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దొంగ రిపోర్టుల ముఠా కోసం నెల రోజులుగా తిరుగుతున్నాను. తీగ దొరికింది. లాగితే డొంకంతా కదులుతుంది."

"ఏం తీగ?"

"ఒకే మనిషికి మంగళవారం పాజిటివ్, శుక్రవారం నెగటివ్. వీడే అమ్ముకున్నాడు."

"నెగటివ్ రిపోర్టు కొనేవాళ్లు ఉంటారు. పాజిటివ్ ఎవడు కొంటాడయ్యా? అందులోనూ రెండు రోజుల్లో విమానం ఎక్కాల్సిన మనిషి?"

"రెండోది కొని ఉండొచ్చు."

"రెండోది వేరే ల్యాబు. వాళ్లకీ ఇతనికీ ముఖపరిచయం కూడా లేదు. నిన్ననే కనుక్కున్నాను."

ఇన్‌స్పెక్టరు వాచీ పట్టీ సర్దుకున్నాడు. గురువు ముందు ఓడినప్పుడల్లా అతను చేసే పని అదే.

కేసు చూడబోతే చిన్నదే. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ. ఆవిడ భర్త ఓడలో ఇంజను మెకానిక్కు. ఓడ పరాయి దేశం రేవులో ఆగినప్పుడు ఈ మాయదారి జబ్బు తగిలి అక్కడి ఆస్పత్రిలో చేరాడు. సరిహద్దులన్నీ మూసేసిన కాలంలో ఆవిడ కుట్టుమిషను పక్కన పెట్టి పదహారు దరఖాస్తులు పెట్టింది. 'రోగికి దగ్గరి బంధువు' అని ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. వీసా, బీమా, ఆస్పత్రి ఉత్తరం, చేరాక పద్నాలుగు రోజులు తలుపేసుకుని ఉండాల్సిన హోటలు గది, ఆ గదిలోంచి రోజుకొక గంట ఆస్పత్రికి వెళ్లడానికి ఇంకో అనుమతి. అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో వరస తప్పకుండా పెట్టుకుంది. ఇక మిగిలింది బయల్దేరే ముందు చేయించుకోవాల్సిన పరీక్ష ఒక్కటే. మంగళవారం పొద్దున శాంపిలు ఇచ్చింది. బుధవారం మధ్యాహ్నం పాజిటివ్ అని వచ్చింది. గురువారం విమానం వెళ్లిపోయింది.

"నాకు జలుబు కూడా లేదు బాబాయ్," అని శుక్రవారం పొద్దున గడియారం గేటు అవతల నిలబడి ఏడ్చింది. ఆయన అప్పటికప్పుడు వేరే ల్యాబు వాళ్లని పిలిపించాడు. సాయంత్రానికి నెగటివ్ వచ్చింది. కానీ మొదటి పాజిటివ్ సర్కారు జాబితాలో ఎక్కి కూర్చుంది. ఎక్కించిన ల్యాబే రద్దు చేస్తే తప్ప పద్నాలుగు రోజులు ఆవిణ్ణి ఏ విమానమూ ఎక్కనివ్వరు. భర్తకి పద్నాలుగు రోజుల టైముందని చెప్పగలిగే మనిషి ఎవరూ లేరు.

గడియారం ఫీజు మాట ఎత్తలేదు. ఆవిడ ఆయన భార్యకి బట్టలు కుట్టేది. భార్య నాలుగు నెలల కిందట ఇదే జబ్బుతో పోయింది. ఆస్పత్రి గాజు తలుపు దాకా కూడా ఆయన్ని రానివ్వలేదు. ఒక కవరులో కళ్లజోడు, చెప్పులు పెట్టి చేతికిచ్చారు. చూడటానికి వెళ్తున్న మనిషికి ఎవరో అడ్డం పడ్డారంటే అది ఆయనకి కేసు కాదు, కడుపుమంట.

"మంగళవారం ఆ ఇంట్లోకి ఎన్నింటికి వెళ్లావు?" అని శాంపిళ్లతన్ని అడిగాడు.

"తొమ్మిదీ పది సార్."

"బయటికి?"

"తొమ్మిదీ ఇరవై ఐదు."

"ఒక్క శాంపిలుకి పదిహేను నిమిషాలా?"

"రెండు సార్. ఆవిడది, వాళ్ల మామగారిది. పెద్దాయన తనదీ తీయమన్నాడు. కోడల్ని ఎయిర్‌పోర్టులో దింపాలి కదా, ఎందుకైనా మంచిది అని."

"ఆయన రిపోర్టు?"

"నెగటివ్ సార్."

గడియారం బల్ల దగ్గరున్న ల్యాబు నడిపే పెద్దావిడ వైపు తిరిగాడు. "మంగళవారం ఇతను తెచ్చినవాటిలో పాజిటివ్ వచ్చినవి దాచి ఉంచారా?"

"రెండు వారాలు దాస్తాం. నెగటివ్‌వి పారేస్తాం," అని ఆవిడ లోపలికెళ్లి మంచు పొగలు కక్కుతున్న ట్రే తెచ్చింది. బొటనవేలంత గొట్టాలు పదకొండు. ఒక్కోదాని మీద పేరూ నంబరూ అచ్చేసిన జిగురు కాగితం చుట్టి ఉంది. "త్వరగా చూడండి. కరిగితే నా ఉద్యోగం కరుగుతుంది."

గడియారం కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కో గొట్టాన్నీ చూశాడు. చివరిదాని దగ్గర ఆగి మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఇవన్నీ నువ్వే అంటించావా?"

"నేనే సార్. రూలు అదే కదా," అన్నాడు శాంపిళ్లతను, కాస్త తొందరగా.

"అబద్ధం. ఇది చూడు, లేబులు తలకిందులుగా ఉంది. దీనికి నాలుగు మడతలు. దీని మీద నూనె చేతి మరక. ఒక్క మనిషి పదకొండు అంటిస్తే పదకొండూ ఒకే రకం వంకరగా ఉంటాయి. ఇక్కడ పది రకాల వంకర్లున్నాయి. ఆవిడ పేరున్న ఈ పదకొండోదానికి అసలు వంకరే లేదు."

 శాంపిళ్లతను మాస్కు మీద నుంచే మొహం రుద్దుకున్నాడు.

"రెండు జతల గ్లవ్స్ సార్. ఆ జిగురు కాగితం గ్లవ్స్‌కి అంటుకుందంటే ఊడి రాదు, లాగితే గ్లవ్స్ చిరుగుతుంది. మొదటి వారం ఆరు జతలు చింపానని తిట్లు తిన్నాను. అప్పట్నించీ ఇంటివాళ్ల చేతికే ఇస్తున్నాను, మీ పేరు చూసుకుని మీరే అంటించుకోండి అని. టికెట్టు చింపి ఇస్తే జాగ్రత్త పెట్టుకోవాల్సింది ప్రయాణికుడే కదా సార్, అలా అనుకున్నాను."

"ఇది బస్సనుకున్నావురా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ ఇంట్లో ఎవరు అంటించారు?" అన్నాడు గడియారం.

"పెద్దాయన కిందికి దిగనన్నాడని ట్రే మేడ మెట్ల మీద పెట్టాను సార్. ముక్కులో పుల్ల పెట్టేసరికి ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి, మొహం కడుక్కోడానికి లోపలికెళ్లింది. నా కళ్లద్దాలకి ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూస్తే రెండిటికీ అంటించి ఉన్నాయి."

ఆవిడ లోపలుంది. ఇతనికి కళ్లు కనపడటం లేదు. మెట్ల దగ్గర ఇంకొక్క మనిషే ఉన్నాడు. గడియారం పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండానే మూసేశాడు. అలా ఇంతకు ముందెప్పుడూ చేయలేదు.

ల్యాబు పెద్దావిడ నిట్టూర్చింది. "అంటించింది మా మనిషి కాకపోతే ఆ రెండు శాంపిళ్లూ చెల్లవు. ఇతను ఆ మాట రాసిస్తే రిపోర్టులు రద్దు చేసి పైకి పంపిస్తాను. కానీ రాసిచ్చాక ఇతన్ని పనిలో ఉంచలేను."

శాంపిళ్లతను కాగితం తీసుకున్నాడు. "ఈ తెల్ల సూటు వేసుకున్నాక నన్ను చూస్తేనే జనం తలుపులేసుకుంటున్నారు సార్. ఆవిడ మంచినీళ్లు తాగుతావా అన్నా అని అడిగింది. అడిగింది ఆవిడొక్కతే," అంటూ రాయడం మొదలుపెట్టాడు.

పన్నెండూ ఇరవై ఐదుకి సంతకం పడింది. రద్దు కాగితం తీసుకుని గడియారం గుమ్మం దాటుతుంటే ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు.

"రద్దయింది, బాగానే ఉంది. మరి ఆ గొట్టంలో జబ్బు ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆవిడది కాకపోతే ఎవరిది గురువుగారూ?"

"నువ్వే చెప్పు."

"చెప్తాను. కూడికలు నాకూ వచ్చు. నిజానికి బుధవారమే ఆ ఇంటి తలుపుకి స్టిక్కరు పడాలి. అచ్చేసినవి అయిపోయి ఆగాం. ఇవాళ కొత్తవి వచ్చాయి. స్టిక్కరు పడే టైముకి లోపల ఎవరుంటే వాళ్లు పద్నాలుగు రోజులు లోపలే. కోడలైనా సరే, కోర్టు జడ్జి అయినా సరే."

"ఎన్నింటికి వస్తావు?"

"మీకు టైము చెప్పకూడదని నాకు నేర్పింది మీరే," అని ఇన్‌స్పెక్టరు శాంపిళ్లతన్ని జీపెక్కించుకుని వెళ్లిపోయాడు.

గడియారం నేరుగా ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లి, బయట క్యూలో నిలబడ్డ ఆవిడ చేతిలో రద్దు కాగితం పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు సార్లు చదివింది. మాస్కు మీద నుంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి చాలు. "మీ కాళ్లకి దణ్ణం పెట్టాలి బాబాయ్. సీటు ఖాయం చేసుకుని ఇంటికొస్తాను. మామయ్యకి చెప్పండి, ఎంత బెంగపెట్టుకున్నాడో," అంది. ఆ మాట గడియారం గుండెల్లో ముల్లులా దిగింది.

ఆ ఇంటికి చేరేసరికి రెండూ యాభై.

కింది గదిలో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. గుమ్మం పక్కన సూట్‌కేసు నిలబెట్టి ఉంది. పైన పేరూ చిరునామా రాసిన లేబులు, ఇంకా వెనక కాగితం తీయకుండా, హ్యాండిలుకి గుచ్చి ఉంది. ప్రయాణం ఖాయమయ్యేదాకా అంటించకూడదనుకుందేమో. గోడకి పదహారు దరఖాస్తుల జాబితా, ఒక్కోదాని పక్కనా టిక్కు. పదిహేనో టిక్కు దగ్గర పెన్నుకి ఆనందం ఎక్కువై కాగితం చిరిగింది.

మేడ మెట్ల కింద ఆగి గడియారం ఫోను తీశాడు. ఆవిడ భర్తతో పాటు జబ్బుపడి అదే ఆస్పత్రిలో కోలుకుంటున్న ఓడ వంటవాడు రోజూ సాయంత్రం ఆవిడకి కబురు పంపుతాడు. అవన్నీ ఆవిడ నిన్న గడియారానికి పంపించింది. నిన్న చదివినప్పుడు మనిషి బతుకు చూశాడు, ఇవాళ వరస చూశాడు.

పోయిన వారం శుక్రవారం: "ఆక్సిజన్ ఎనభై ఎనిమిది. జ్వరం నూట రెండు. నాలుగు చెంచాల సూప్ తాగాడు." శనివారం: "ఎనభై నాలుగు. జ్వరం తగ్గలేదు." ఆదివారం: "ఎనభై ఒకటి. నీకు టికెట్టు దొరికిందా అని అడిగాడు." సోమవారం సాయంత్రం: "డెబ్బై తొమ్మిది. డాక్టర్లు చూస్తున్నారు."

మంగళవారం: "అలాగే ఉన్నాడు." బుధవారం: "అలాగే ఉన్నాడు." గురువారం, శుక్రవారం కూడా అంతే.

అంకెలు సోమవారంతో ఆగిపోయాయి. గడియారం ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నిజం దొరికినప్పుడల్లా ఆయనకి ఆకలి వేసేది. ఇవాళ వేయలేదు.

మెట్లెక్కుతుంటే కంపు ఎదురొచ్చింది. రెండు మాస్కులు దాటి ముక్కుని పట్టుకుంది. పై గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర మామగారు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లు పుస్తకాలు బైండింగు చేసిన చేతులు, ఇప్పుడూ ఖాళీగా లేవు. కాగితం మడత నొక్కే ఎముక బద్దతో ఒక అట్ట అంచు రుద్దుతున్నాడు. మోచేతి పక్కనే మైదా జిగురు గిన్నె. జిగురు మీద బూడిదరంగు బూజు పట్టి, నీరు విరిగి తేలుతోంది.

"అక్కడే ఆగండి. దగ్గరికి రావద్దు," అన్నాడు పెద్దాయన. "కోడలి ప్రయాణం చెడకూడదని ఆదివారం నుంచీ నేను కిందికే దిగడం లేదు. కంచం కూడా మెట్ల మీదే పెడుతుంది."

"జిగురు ఎప్పుడు ఉడికించారు?"

"ఆదివారం పొద్దున."

"ఇవాళ శనివారం."

"అయితే?"

"కుళ్లిపోయింది పెద్దాయనా. వీధి చివరకి కొడుతోంది. నలభై ఏళ్లు జిగురు మధ్య బతికిన మీకు తెలియడం లేదు."

ఎముక బద్ద ఆగింది. పెద్దాయన గిన్నె వైపు చూశాడు, ముక్కు దగ్గరికి తీసుకున్నాడు, మెల్లగా కింద పెట్టేశాడు. తెలియడం లేదన్న సంగతి ఆయనకి కొత్త కాదు. బయటివాళ్లకి తెలిసిపోతుందన్నదే కొత్త.

"లేబులు చాలా తిన్నగా అంటించారు," అన్నాడు గడియారం. "గాలి బుడగ లేదు, అంచు లేవలేదు. పదకొండింటిలో అదొక్కటే పనివాడి చేత్తో అంటించింది."

పెద్దాయన తలెత్తాడు. "వంకరగా అంటిద్దామనే చూశాను నాయనా. చెయ్యి వినలేదు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని పట్టించింది ఈశ్వరుడు కాదు, ఆయన చేతిపని. గడియారానికి గెలిచానన్న సంతోషమే కలగలేదు. గోడ పక్క కూలబడి, "అబ్బాయి సోమవారం ఎన్నింటికి పోయాడు?" అని అడిగాడు.

"రాత్రి పదకొండూ ఇరవైకి నాకు ఫోనొచ్చింది," అన్నాడు పెద్దాయన.  "వంటబ్బాయి చేశాడు. కింద కోడలు సూట్‌కేసు సర్దుతోంది. పాట పాడుకుంటోంది నాయనా. నెల రోజుల తర్వాత మొదటిసారి. ఆ పాట మధ్యలోకి వెళ్లి ఏం చెప్పమంటారు?"

పెద్దాయన ఎముక బద్దని బల్ల మీద పెట్టాడు.

"పోనీ వెళ్లనిద్దామా అనుకున్నాను. అక్కడ దిగుతుంది. హోటలు గదిలో పెట్టి తలుపేస్తారు. పలకరించే మనిషి ఉండడు, భాష రాదు. ఆ గదిలో ఒక్కత్తీ ఉండగా ఎవరో ఫోను చేసి చెప్తారు. గోడకి తల కొట్టుకున్నా చూసేవాడు లేడు. ఇక్కడైతే కనీసం మెట్ల మీద నేనుంటాను, పైనుంచైనా ఏడుస్తాను దానితో పాటు. ఆదివారమే నాకు వాసన పోయింది. జబ్బు నాకుందని తెలుసు. మంగళవారం పొద్దున ఆ గొట్టాలు నా ముందే కనపడ్డాయి. విమానం వెళ్లిపోయాక చెబుదామనుకున్నాను. గురువారం నోరు రాలేదు. నిన్నా రాలేదు. వంటబ్బాయిని బతిమాలాను, నేను చెప్పేదాకా ఆగమని."

"ఒక అమాయకుణ్ణి జీపెక్కించారు, తెలుసా?"

"ఎవర్ని?"

గడియారం చెప్పాడు. పెద్దాయన తల పట్టుకున్నాడు. ఒక్క లేబులు మార్చినందుకు ఇంతమంది మీద పడుతుందని ఆయన లెక్కలో లేదు.

బల్ల మీదున్న పుస్తకం మీద గడియారం చూపు పడింది. పదకొండేళ్లుగా కొడుకు ప్రతి రేవు నుంచీ తండ్రికి రాసిన కార్డులు, వరసగా పేర్చి కుట్టినవి. కుట్టు చక్కగా ఉంది. వెనక అట్ట లోపలి కాగితం మాత్రం ఉబ్బెత్తుగా, ముడతలు ముడతలుగా ఉంది.

"ఇది మీ చేతి పని కాదు. దీని కింద ఏముంది?"

"ముట్టుకోకండి," అన్నాడు పెద్దాయన. అది అరుపు కాదు, ప్రాధేయపడటం.

గడియారం లేచి, జేబులోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుని తడి ఆరని ఆ కాగితాన్ని అంచు పట్టి లేపాడు. కింద ఓడ కంపెనీ ఉత్తరం. కొడుకు పేరు, తేదీ, టైము. తర్వాత నాలుగు వరసలు. దగ్గరి బంధువు ఎవరైనా ఏడు రోజుల లోపల వస్తే ఆస్పత్రివాళ్లు ముఖం చూపించి, వాళ్ల ఎదుటే అంత్యక్రియలు జరిపిస్తారు. ప్రయాణ అనుమతి పాతదే చెల్లుతుంది. ఎవరూ రాకపోతే ఊరివాళ్లే తీసుకెళ్లి, పేరు లేకుండా నంబరు వేసి పూడ్చేస్తారు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"బుధవారం సాయంత్రం. నేను ఆ పని చేసింది మంగళవారం." పెద్దాయన పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు. "ఆ లేబులు అంటించకముందే వచ్చుంటే నేనే దాన్ని విమానం ఎక్కించేవాణ్ణి. నువ్వు చూడగలిగేదానివి తల్లీ, ఆ కడసారి చూపు నేనే పోగొట్టాను అని ఏ నోటితో చెప్పను? చించేద్దామంటే వాడి పేరుంది. దాచుకుందామంటే కళ్లకి గుచ్చుకుంటోంది. అందుకే ఇవాళ పొద్దున అట్టలో పెట్టి అంటించేశాను."

ఏడు రోజులంటే సోమవారం. దానికి ముందు వెళ్లే విమానం రేపటిదొక్కటే. గడియారం వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై ఐదు.

కింద తలుపు చప్పుడైంది.

"బాబాయ్! సీటు ఖాయమైంది! మామయ్యా, వింటున్నావా, రేపు వెళ్తున్నాను!" అంటూ ఆవిడ మెట్లు ఎక్కేస్తోంది. గుమ్మం దగ్గర ఆగి మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అబ్బా, ఏం కంపు ఇది! మామయ్యా, ఆ జిగురు కుళ్లిపోయింది, నీకు తెలియడం..."

మాట అక్కడే తెగింది. దర్జీ చెయ్యి ఎంత చురుకో కన్నూ అంతే. గిన్నె చూసింది, మామగారి ముక్కు చూసింది, గడియారం చేతిలో తడి కాగితం చూసింది.

"జబ్బు నీకా మామయ్యా? నా పేరు మీద వచ్చింది నీదా?"

పెద్దాయన తలదించుకున్నాడు.

"నన్ను వెళ్లనివ్వకుండా... నువ్వా? ఎందుకు? పదహారు దరఖాస్తులకీ కవర్లు నువ్వే అంటించావు కదా, మరి ఎందుకు..." ఆవిడ గుమ్మం పట్టుకుంది. ఎందుకో తనకే తెలిసిపోయింది. తర్వాతి మాట గాలిలాగే వచ్చింది. "ఎప్పుడు?"

"సోమవారం తల్లీ."

"మంగళవారం నేను ఆయనకి వాయిస్ మెసేజ్ పెట్టాను. రెండు రోజుల్లో వచ్చేస్తున్నాను, కళ్లు మూసుకోకు అని." ఆవిడ ఆ మాట ఇద్దరిలో ఎవరికీ చెప్పడం లేదు. "అప్పటికే..."

ఆరు మెట్లు వెనక్కి దిగి కూలబడి ఏడ్చింది. నెల రోజులు ఫైలులో వరసగా సర్ది పెట్టుకున్న ఏడుపంతా ఒక్కసారే బయటికి వచ్చింది. మామగారు లేచి రెండడుగులు ముందుకేసి, తన ఒంట్లో ఉన్నది గుర్తొచ్చి ఆగిపోయాడు. పైన ఆయన, కింద ఆవిడ, మధ్యలో ఆరు మెట్లు. ఆయన అనుకున్నట్టే జరిగింది, పైనుంచి ఏడవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. గడియారానికి గాజు తలుపు గుర్తొచ్చింది. ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ తల తిప్పకుండానే అడిగింది. "ఆదివారం నా గురించి అడిగాడన్నది నిజమేనా?"

"నిజం తల్లీ. అది వంటబ్బాయి మాటే, నేను చెప్పించింది కాదు."

గడియారం ఉత్తరం పట్టుకుని చదివి వినిపించాడు. ఏడు రోజులు అన్నచోట ఆవిడ తలెత్తింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. లేచి కిందికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

"టైమెంత బాబాయ్?"

"మూడూ నలభై ఆరు."

"వెళ్తాను. ఆయన్ని నంబరు వేసి పూడ్చనివ్వను."

అప్పుడే వీధిలో జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

గడియారం రెండేసి మెట్లు దిగి గేటు దగ్గరికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు చంకలో స్టిక్కర్ల కట్టతో నిలబడి ఉన్నాడు.

"పై గదిలో రోగి ఉన్నాడు. అవునా కాదా?"

"అవును."

ఇన్‌స్పెక్టరు కాస్త తడబడ్డాడు. గురువు బుకాయిస్తాడని, తాను లాగాలని సిద్ధమై వచ్చాడు. "అయితే స్టిక్కరు వేస్తున్నాను. లోపలున్నవాళ్ల పేర్లు చెప్పండి."

"ముందు ఇది చదువు."

ఇన్‌స్పెక్టరు ఆ తడి కాగితాన్ని ముట్టుకోకుండా, గడియారం పట్టుకుని ఉండగానే చదివాడు. ఒకసారి చదివి మళ్లీ మొదటి నుంచీ చదివాడు. గుమ్మంలో ఆవిడ సూట్‌కేసు పక్కన నిలబడి ఉంది. బతిమాలలేదు, ఏడవలేదు. ఊరికే చూస్తోంది.

"రూలు నేను రాసింది కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్న నెగటివ్ వచ్చింది. రేపు విమానాశ్రయంలో మళ్లీ ముక్కులో పుల్ల పెడతారు. ఆవిడకి జబ్బుంటే అక్కడే ఆపేస్తారు. దానికి నువ్వక్కర్లేదు."

ఇన్‌స్పెక్టరు వాచీ పట్టీ సర్దుకున్నాడు. సర్దుకుని, చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. "నా వాచీ ఆగినట్టుంది. స్టిక్కరు మీద టైము రాయాలి. ఎంతయింది గురువుగారూ?"

గడియారం వాచీలో మూడూ యాభై రెండు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవరికీ తప్పు టైము చెప్పలేదు. దొంగలకి కూడా చెప్పలేదు.

"నాలుగూ పది," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నాలుగూ పది అని రాసుకుని వీధి వైపు తిరిగిపోయాడు. "ఆ కండక్టర్ని ఇంటి దగ్గర దింపేశాను. తీగ కాదు, పాపం," అని గోడకి చెప్పినట్టు చెప్పి, ఎవరికో ఫోను చేయడం మొదలుపెట్టాడు.

ఆవిడ సూట్‌కేసు ఎత్తింది. హ్యాండిలుకి ఉన్న లేబులు ఊగింది. మెట్ల పైనుంచి పెద్దాయన అలవాటు చొప్పున చెయ్యి చాపాడు. "అది ఇటివ్వు తల్లీ, అంటించిస్తాను."

"వద్దు మామయ్యా. ఈసారి నేనే అంటించుకుంటాను."

ఆ మాట కోపంతో అన్నది కాదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆవిడ లేబులు అంటించింది. అది వంకరగా పడింది. గుమ్మం దాటబోయి ఆగింది. "ఆ కార్డుల పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టి కిందికి వదులు. ఆయన పక్కన పెడతాను."

పుస్తకం మెట్ల మీదుగా జారి వచ్చింది. ఆవిడ దాన్ని పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. "మందులు మానకు మామయ్యా," అంది, తలెత్తకుండానే. వీధి మలుపు తిరిగేదాకా సూట్‌కేసు చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నిజంగా నాలుగూ పది అయ్యాక ఇన్‌స్పెక్టరు ఒక స్టిక్కరు తీసి గడియారం చేతిలో పెట్టాడు. "మీరే అంటించండి. నా వల్ల కాదు."

గడియారం దాన్ని తలుపుకి అంటించాడు. పై కిటికీ తెరుచుకుంది. పెద్దాయన ఊచలు పట్టుకుని కిందికి చూస్తున్నాడు. కోడలు వెళ్లిన వైపు కాదు, తలుపు వైపు. మొహమంతా తడిగా ఉంది.

"రోజూ పొద్దున ఎనిమిదింటికి భోజనం తెచ్చి గేటు దగ్గర పెడతాను," అన్నాడు గడియారం.

పెద్దాయన తలూపాడు. 

"ఎడమ పక్క పైకి పోయింది నాయనా," అన్నాడు చివరికి. "ఆరకముందే కాస్త కిందికి దించు."

గడియారం స్టిక్కరు ఊడదీసి, మళ్లీ తిన్నగా అంటించాడు.